బ్రష్‌కి రక్తం, రిపోర్టులో షుగర్

ఈ నెల ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే గోడు చెప్పుకున్నాయి. షుగర్‌కి ఒక డాక్టరు, పళ్లకి ఇంకో డాక్టరు. ఇద్దరి దగ్గరా విడివిడిగా చీటీలు. ఈ రెండింటికీ ముడి ఉందని చెప్పినవాళ్లు మాత్రం లేరు. ముడి ఉంది. అందుకే ఈసారి జవాబులు షుగర్ వైద్యులు, చిగుళ్ల వైద్యులు కలిసి రాశారు. పేర్లు వేయొద్దని ఎక్కువమంది కోరారు కాబట్టి ఊళ్ల పేర్లతోనే ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. కిరాణా కొట్టు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు ఒక్క పూట కూడా మానలేదు, స్వీట్లు ముట్టను. అయినా మూడు నెలల సగటు పరీక్ష 8.9 దగ్గరే ఆగింది. పళ్లు తోముకుంటే రక్తం వస్తోంది, కింద ముందు పళ్లు రెండు కదులుతున్నాయి. పంటి డాక్టరు క్లీనింగ్ చేయించుకోమన్నారు. క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్లు కూడా వదులైపోతాయని మా బావగారు గట్టిగా చెబుతున్నారు. షుగర్‌కీ దీనికీ సంబంధం ఉందా? – పర్లాకిమిడి

జవాబు: ఉందండీ, రెండు వైపుల నుంచీ ఉంది.

ముందు షుగర్ చిగుళ్లను ఏం చేస్తుందో చూద్దాం. పంటి వేరును దవడ ఎముకకు కట్టి ఉంచేది కొలాజెన్ అనే పీచు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది ఈ పీచుకి అంటుకుని బిరుసెక్కిస్తుంది. పాత పీచు తెగిపోయాక కొత్తది అల్లుకోవడం ఆలస్యమవుతుంది. చిగురుకి రక్తం తెచ్చే సన్న నాళాల గోడలు మందమవుతాయి. క్రిములను మింగాల్సిన తెల్ల రక్తకణాలు మందగిస్తాయి. అందుకే షుగర్ లేనివాళ్లకు చిగురు అంచు దగ్గరే ఆగిపోయే వాపు, షుగర్ అదుపులో లేనివాళ్లకు ఎముక దాకా దిగుతుంది. మధుమేహం ఉన్నవాళ్లకు ఎముకను తినే చిగుళ్ల జబ్బు వచ్చే ముప్పు లేనివాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. కన్ను, మూత్రపిండం, నరం, పెద్ద రక్తనాళాలు, మానని పుండు – ఈ అయిదింటి తర్వాత చిగుళ్ల జబ్బును మధుమేహపు ఆరో ఉపద్రవంగా చూడాలని హెరాల్డ్ లో అనే దంత శాస్త్రవేత్త 1993లోనే రాశారు. ఇన్నేళ్లు గడిచినా షుగర్ పరీక్షకు వెళ్తే పాదాలు చూపించమంటారు, కళ్లు చూపించుకోమంటారు, నోరు తెరవమనేవాళ్లు తక్కువ. మాకు బాధ కలిగించేది ఇదే.

ఇక రెండో వైపు. చిగురుకీ పంటికీ మధ్య మామూలుగా 1 నుంచి 3 మిల్లీమీటర్ల సన్నని సందు ఉంటుంది. జబ్బు వస్తే అది 4, 5, 7 మిల్లీమీటర్ల లోతు సంచి అవుతుంది. డాక్టర్లు పాకెట్ అనేది దీన్నే. పాకెట్ లోపలి గోడంతా పచ్చిపుండే. జబ్బు బాగా ముదిరినవాళ్లలో నోట్లోని ఈ పుండ్లన్నీ కలిపి లెక్కేస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉంటుందని అంచనా. అంత పుండు మోచేతి మీద ఉంటే ఒక్కరోజు కూడా ఊరుకోరు. చిగురు కింద ఉంది కాబట్టి కనబడదు, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. అక్కడి నుంచి క్రిములూ, వాపును పెంచే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి రసాయనాలూ రక్తంలోకి పోతుంటాయి. వాటి వల్ల కాలేయం, కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. మాత్ర వేస్తున్నా, పథ్యం చేస్తున్నా రిపోర్టు దిగకపోవడానికి గల కారణాల్లో ఇదొకటి.

చికిత్స చేస్తే ఎంత దిగుతుంది? చాలా పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2022లో వచ్చింది. చిగుళ్లకు లోతు క్లీనింగ్ చేశాక మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే మీరు రాసిన మూడు నెలల సగటు పరీక్ష అంకె, సగటున 0.43 శాతం, ఆరు నెలలకు 0.30, ఏడాదికి 0.50 తగ్గిందని అందులో తేలింది. అంటే మీ 8.9 ఈ ఒక్క పనితో 7 అయిపోదు. 8.4 దరిదాపులకు రావచ్చు. మిగతాది మందుల మోతాదు, తిండి, నడక చూసుకోవాలి. కానీ కొత్త మాత్ర చేర్చకుండా వచ్చే ఆ అర శాతం చిన్నదేమీ కాదు. పైగా పళ్లు దక్కుతాయి.

ఇప్పుడు మీ బావగారి మాట. అద్దం, టార్చి తీసుకుని కింది ముందు పళ్ల లోపలి వైపు చూడండి. నాలుక కింద లాలాజలం ఊరే చోటుకి ఎదురుగా పసుపు, గోధుమ రంగు పెంకు కనిపిస్తుంది. అదే గార. మెత్తని పాచిని తోమకుండా వదిలేస్తే లాలాజలంలోని సున్నం పట్టి కొన్ని రోజుల్లోనే రాయవుతుంది, ఆపైన బ్రష్‌కి రాదు. గరుకుగా ఉంటుంది కాబట్టి దానిమీద కొత్త పాచి ఇంకా వేగంగా పడుతుంది. ఏళ్లు గడిచేసరికి నాలుగైదు పళ్లను కలిపి సిమెంటు పోసినట్టు పట్టేస్తుంది. ఆ పెంకు వెనకాల ఎముక అప్పటికే కరిగిపోయి ఉంటుంది. క్లీనింగ్‌లో సిమెంటు ఊడగానే అన్నాళ్లూ దాగి ఉన్న కదలిక బయటపడుతుంది. పళ్లను వదులు చేసింది జబ్బు, క్లీనింగ్ దాన్ని చూపించిందంతే. వాపు దిగడంతో చిగురు కిందికి జారి పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి. రెండు మూడు వారాలు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. ఇవన్నీ జరుగుతాయని ముందే తెలిస్తే భయం ఉండదు. నెలా నెలన్నరకు చిగురు బిగిసి కొంత కదలిక తగ్గుతుంది. అప్పటికీ నమలడానికి ఇబ్బంది పెట్టే పళ్లను లోపలి వైపు నుంచి సన్నని తీగతోగానీ ఫైబర్ పట్టీతోగానీ పక్క పళ్లకు కట్టేస్తారు.

పంటి డాక్టరు దగ్గర మీరు అడగాల్సింది ఇది: 'పాకెట్ లోతులు కొలిచి రాసివ్వండి.' మొన గుండ్రంగా ఉండి మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కొలబద్దతో ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలుస్తారు. ఎక్స్‌రేలో ఎముక ఎంత దిగిందో చూస్తారు. మీ హెచ్‌బీఏ1సీ కాగితం తప్పకుండా చూపించండి. ఇప్పుడు వాడుకలో ఉన్న వర్గీకరణలో అది 7 గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బును వేగంగా ముదిరే 'సి' గ్రేడులో వేస్తారు, చికిత్స దాన్ని బట్టే నడుస్తుంది. మొదట పైపై గార తీస్తారు. తర్వాత మొద్దుబార్చే సూది ఇచ్చి, నోటిని భాగాలుగా చేసుకుని రెండు నుంచి నాలుగు విడతల్లో చిగురు కింద వేరు మీది గార గీకుతారు. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ కొలవాలి. అప్పటికీ 6 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉండి రక్తం వస్తున్న చోట్లకే చిన్న ఆపరేషన్ మాట వస్తుంది. ఆ తర్వాత మూడు నెలలకోసారి శుభ్రం చేయించుకోవాలి. ఏడాదికోసారి అంటే మీ విషయంలో సరిపోదు. హెచ్‌బీఏ1సీ కొలిచేది ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న చక్కెరను, ఆ కణం బతికేది దాదాపు 120 రోజులు కాబట్టి, ఆఖరి విడత అయిన మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ చేయించండి. నెలకే చేయిస్తే పాత లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న: మా అమ్మకి 60 ఏళ్లు, షుగర్ ఉంది. రోజుకి నాలుగైదు సార్లు గుడాకు పెడుతుంది. అది పెట్టకపోతే విరేచనం కాదంటుంది. 'నా చిగుళ్ల నుంచి ఒక్క చుక్క రక్తం రాదు, గుడాకు వల్లే గట్టిగా ఉన్నాయి' అని వాదిస్తుంది. కానీ పళ్లు పొడుగ్గా కనిపిస్తున్నాయి. ఏం చెప్పమంటారు? – గుణుపురం

జవాబు: రక్తం రాకపోవడమే ఇక్కడ మోసం చేస్తోందమ్మా. గుడాకు అంటే పొగాకు, బెల్లపు పాకం కలిపి నూరిన ముద్ద. అందులోని నికోటిన్ చిగురులోని సన్న రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. ఎర్రదనం, వాపు, రక్తం – జబ్బు ఉందని చెప్పే గుర్తులన్నీ అణిగిపోతాయి. లోపల ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. మీ అమ్మగారి పళ్లు పొడుగ్గా కనిపిస్తున్నాయంటే చిగురు, దాని కింది ఎముక దిగిపోయి వేళ్లు బయటపడుతున్నాయని అర్థం. షుగర్, పొగాకు కలిసినచోట చిగుళ్ల జబ్బు వేగం కూడా, చికిత్సకు లొంగని మొండితనం కూడా పెరుగుతాయి.

గుడాకు తోముకునే పొడి కాదు, పేస్టూ కాదు. పళ్లపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని మన దేశంలో 1992లోనే నిషేధించారు. అయినా పొద్దున్నే వేలితో పళ్ల మీద రుద్దే అలవాటు వల్ల ఇది పళ్ల మందే అన్న నమ్మకం ఇళ్లలో నిలిచిపోయింది.

మాన్పించేటప్పుడు ఒకటి ముందే చెప్పి ఉంచండి. మానిన కొన్ని వారాల్లో చిగుళ్ల నుంచి రక్తం మొదటిసారిగా కనిపించవచ్చు. 'చూశావా, మానేశాకే రక్తం మొదలైంది' అని మళ్లీ డబ్బా తీసేది సరిగ్గా అక్కడే. ముడుచుకున్న నాళాలు తెరుచుకుని, లోపలున్న జబ్బు ఇప్పుడు బయటికి కనిపిస్తోంది. క్లీనింగ్‌కి అదే సరైన సమయం.

రోజుకి నాలుగైదు సార్లు పెట్టేదాన్ని, ప్రతి మూడు రోజులకూ ఒక సారి చొప్పున తగ్గించుకుంటూ రండి. అన్నిటికన్నా కష్టమైనది పొద్దుటి పూటది, దాన్ని ఆఖరున తీసేయండి. విరేచనం సంగతి నిజమే, నికోటిన్ పేగును కదిలిస్తుంది. మానాక రెండు వారాలు మలబద్ధకం ఉంటుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, పావుగంట నడక, రాత్రి అన్నంలో ఆకుకూర పెంచితే గడిచిపోతుంది. ఆగకపోతే డాక్టరును అడిగి నాలుగు రోజులు మందు వాడినా తప్పులేదు. పళ్లు కదులుతున్నవాళ్లకు నికోటిన్ చూయింగ్ గమ్ నమలడం కష్టం, చర్మానికి అతికించే ప్యాచ్ గురించి డాక్టరును అడగండి. పొగాకు మానాలనుకునేవారికి ప్రభుత్వ ఉచిత ఫోన్ 1800-11-2356.

గుడాకు పెట్టే చోట పెదవి లోపల, బుగ్గ లోపల వారానికోసారి వెలుతురులో చూడండి. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గరుకు, మానని పుండు ఏదైనా రెండు వారాలు దాటి ఉంటే వెంటనే చూపించాలి. గంజాం, శ్రీకాకుళం తీరాన అడ్డపొగ తాగే ఆడవాళ్లు, అంటే వెలిగించిన వైపు నోట్లో పెట్టి చుట్ట కాల్చేవాళ్లు, అంగిలి చూయించుకోవడం ఇంకా ముఖ్యం. నిప్పు వేడి నేరుగా తగిలేది అక్కడే.

ప్రశ్న: స్కూలు టీచర్ని, 38 ఏళ్లు. షుగర్ లేదనే అనుకుంటున్నాను. ఏడాదిలో మూడుసార్లు చిగురుకి చీము గడ్డ వచ్చింది, ప్రతిసారీ మందుల షాపులో యాంటీబయోటిక్ కొనుక్కుంటే తగ్గింది. నడుము 98 సెంటీమీటర్లు, ట్రైగ్లిజరైడ్లు 240. ఈ గడ్డలకూ లావుకూ ఏమైనా సంబంధమా? – రాయగడ

జవాబు: మాస్టారూ, చిగురుకి పదే పదే, వేర్వేరు చోట్ల గడ్డ లేస్తుంటే మేం మొదట అడిగేది షుగర్ పరీక్షే. తెలియకుండా ఉన్న షుగర్ బయటపడే దారుల్లో ఇదొకటి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త సర్వే లెక్క ప్రకారం దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయి. లేదనుకోవడం వేరు, లేదని పరీక్షలో తేలడం వేరు.

మీరు రాసిన రెండు అంకెలూ హద్దు దాటాయి. కింద చెప్పే అయిదింట్లో మూడు ఉంటే దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. మన దేశపు మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 గానీ అంతకు మించి గానీ ఉండటం ఒకటి. ట్రైగ్లిజరైడ్లు 150 లేదా ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్ మగవాళ్లలో 40 కంటే, ఆడవాళ్లలో 50 కంటే తక్కువ, బీపీ 130/85 లేదా ఎక్కువ, పరగడుపు షుగర్ 100 లేదా ఎక్కువ – ఇవి మిగతా నాలుగు. నడుము ప్యాంటు కట్టే చోట కొలవకూడదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. పొట్టలోని కొవ్వు ఊరికే కూర్చోదు. చిగుళ్ల పుండు విడుదల చేసే టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6లనే అదీ విడుదల చేస్తుంది. అంటే షుగర్ రాకముందే రెండు చోట్ల నుంచి ఒకటే మంట.

పరగడుపు షుగర్, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు షుగర్, హెచ్‌బీఏ1సీ మూడూ చేయించండి. పరగడుపు 100–125, రెండు గంటలకు 140–199, హెచ్‌బీఏ1సీ 5.7–6.4 ముందు దశ. 126, 200, 6.5 – వీటి నుంచి మధుమేహం.

మన జిల్లాలకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త చెప్పాలి. రాయగడ, కొరాపుట్, గజపతి వైపు కొన్ని కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు. కొందరికి జబ్బు ఉండదు, వారసత్వ లక్షణం (ట్రెయిట్) మాత్రమే ఉంటుంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ల ఎర్ర కణాలు 120 రోజులు బతకవు, కాబట్టి వాళ్లకు హెచ్‌బీఏ1సీ అసలు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. లక్షణం మాత్రమే ఉన్నవాళ్లకు కూడా ల్యాబ్ వాడే పద్ధతిని బట్టి తప్పు రావచ్చు. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే ఇందుకు విరుద్ధంగా ఎక్కువ చూపించవచ్చు. ఇంట్లో ఎవరికైనా సికిల్ ఉంటే ఆ మాట డాక్టరుకి చెప్పి, పరగడుపు, రెండు గంటల షుగర్ల మీదే ఆధారపడండి.

యాంటీబయోటిక్ సొంతంగా కొనడం ఆపండి. చిగురు కింద క్రిములు జిగట పొరలా అతుక్కుని ఉంటాయి, మాత్ర ఆ పొరలోకి సరిగా చొరబడదు. గడ్డ అణుగుతుంది, పాకెట్ అలాగే ఉంటుంది, రెండు నెలలకు మళ్లీ లేస్తుంది. చీము తీసి, పాకెట్ శుభ్రం చేయడమే మందు. వాపు దవడ కిందికీ మెడకూ పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్లండి, ఊపిరి దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నాను, ఏడాది అయింది. ముందు పళ్ల మధ్య చిగురు బుడిపెల్లా పెరిగి పళ్ల మీదికి వస్తోంది. నొప్పి లేదు. షుగర్ కూడా ఉంది. ఇది క్యాన్సరా? – బరంపురం

జవాబు: మీరు రాసిన తీరు ఆ మాత్ర వల్ల వచ్చే పెరుగుదలను పోలి ఉంది. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వాడేవాళ్లలో కొందరికి, మూర్ఛకు ఫెనిటాయిన్ వాడేవాళ్లలో ఇంకా ఎక్కువమందికి ఇలా చిగురు పెరుగుతుంది. పళ్ల మధ్య ముక్కోణపు భాగంలో మొదలై, గట్టిగా, నొప్పి లేకుండా ఉంటుంది. పాచి ఎంత ఉంటే అంత పెరుగుతుంది. పెరిగిన చిగురు కింద బ్రష్ అందదు కాబట్టి పాచి ఇంకా చేరుతుంది. మాత్ర మీరుగా ఆపొద్దు, బీపీ ఒక్కసారిగా పైకి పోతే చిగురుకన్నా పెద్ద ముప్పు. బీపీ డాక్టరుకు నోరు తెరిచి చూపించి, టెల్మిసార్టాన్ లాంటి వేరే జాతి మందుకి మార్చవచ్చా అని అడగండి. మందు మార్చి, క్లీనింగ్ చేయిస్తే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది. తగ్గనిదాన్ని కోసి సరిచేస్తారు. ఒకే చోట, ఒకే పంటి దగ్గర వేగంగా పెరిగేదీ, పుండు పడేదీ అయితే ముక్క పరీక్షకు పంపాల్సిందే.

ప్రశ్న: వేప పుల్ల, ఉప్పు-ఆవనూనె, బూడిద – మా ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఏం చేస్తే చిగుళ్లు నిలుస్తాయి? కొరాపుట్ దాకా వెళ్తేగానీ పంటి డాక్టరు దొరకరు. – జయపురం దగ్గర పల్లె

జవాబు: బూడిద, ఇటుక పొడి, ఉప్పు ఆపేయండి. ఇవి పాచిని తీస్తున్నట్టే ఉంటాయి కానీ చిగురు అంచున పంటి మెడను అరగదీస్తాయి. వేప పుల్ల చెడ్డది కాదు. కొస బాగా నమిలి పీచు విడిపోయాక వాడితే ముందు పళ్ల బయటి వైపు శుభ్రపడుతుంది. కానీ దవడ పళ్ల లోపలి వైపుకీ, రెండు పళ్ల మధ్యకీ అది చేరదు. చిగుళ్ల జబ్బు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. నూనె పుక్కిలించడం కూడా అంతే, చిగురు కిందికి దిగదు.

మెత్తని బ్రష్ తీసుకోండి, గట్టి బ్రష్ వద్దు. ఫ్లోరైడ్ పేస్టు బఠాణీ గింజంత చాలు. కుచ్చును 45 డిగ్రీల వాలులో సగం చిగురు మీద, సగం పంటి మీద ఆనించండి. పొడవునా లాగకుండా, ఉన్న చోటే సన్నగా పది సార్లు వణికించి, పంటి కొస వైపు ఊడ్చండి. రెండేసి పళ్లు చొప్పున బయటి వైపు అంతా, తర్వాత లోపలి వైపు అంతా. కింది ముందు పళ్ల లోపలికి బ్రష్‌ను నిలువుగా పట్టుకోవాలి. మొత్తం రెండు నిమిషాలు పడుతుంది. రోజుకి రెండుసార్లు కుదరకపోతే రాత్రిది మాత్రం మానొద్దు. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది, షుగర్ ఎక్కువున్నవాళ్ల నోరు ఇంకా ఎండిపోతుంది. క్రిములకు అదే అదను.

అసలు పని రెండు పళ్ల మధ్య ఉంది. సందులు పడినవాళ్లు సీసా కడిగే కుంచెలాంటి చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్ కొనుక్కోవాలి. తీగ వంగకుండా, కుచ్చు మాత్రం కాస్త రాసుకుంటూ దూరే సైజే మీ సైజు. బలవంతంగా దూర్చాల్సి వస్తే చిన్నది తీసుకోండి, గాలికి తిరిగినట్టు వదులుగా ఉంటే పెద్దది. ఒకే నోట్లో రెండు సైజులు కావాల్సి రావడం మామూలే. పేస్టు లేకుండా ఒక్కో సందులో నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ. సందులే లేని పళ్లకు ఫ్లాస్ దారం. మొదటి వారం రక్తం వస్తుంది. ఆ రక్తం చూసి మానేయడమే అందరూ చేసే పొరపాటు. రోజూ చేస్తే పది పధ్నాలుగు రోజుల్లో తగ్గుతుంది. తగ్గని చోట చిగురు కింద గార ఉందన్నమాట, అది ఇంట్లో తీరేది కాదు, కొరాపుట్ వెళ్లాల్సిందే.

క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం మౌత్‌వాష్ డాక్టరు చెప్పినప్పుడే వాడండి. పూటకి 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రెండు పూటలు, రెండు వారాలకు మించొద్దు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురుగు పదార్థం దాని పనిని చెడగొడుతుంది, అరగంట ఆగాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్లు గోధుమ రంగెక్కుతాయి, నాలుక రుచి పోతుంది.

ప్రశ్న: క్లీనింగ్ రోజు పరగడుపున వెళ్లాలా? ఇన్సులిన్ మానేయాలా? గుండెకి ఆస్పిరిన్ 75 కూడా వేసుకుంటున్నాను. – ఛత్రపురం

జవాబు: పరగడుపున అసలు వెళ్లొద్దు. మామూలు టైముకి టిఫిన్ తిని, మామూలు మోతాదు ఇన్సులిన్ లేదా మాత్ర వేసుకుని, తిన్న గంటా రెండు గంటలకు ఉండేలా పొద్దుటి టైమే అడగండి. మొద్దుబార్చాక రెండు మూడు గంటలు వేడివి తినకూడదు, పెదవి కొరుక్కుపోయినా తెలియదు, కాబట్టి ముందే కడుపు నింపుకోవాలి. టిఫిన్ మానేసి ఇన్సులిన్ మాత్రం వేసుకుని వచ్చేవాళ్లకే కుర్చీలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరుగుతాయి. గ్లూకోమీటరు వెంట తీసుకెళ్లండి. 70 కంటే దిగితే పని ఆపించి, మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. షుగర్ 250 దాటి ఉంటే తొందరలేని పనిని వాయిదా వేయడం మంచిది. చీము ఉంటే మాత్రం వాయిదా వద్దు, చీము ఉన్నంతకాలం ఆ షుగర్ దిగదు.

ఆస్పిరిన్ మీరుగా ఆపకండి. క్లీనింగ్‌లో వచ్చే రక్తం గాజుగుడ్డ అదిమితే ఆగుతుంది. వార్ఫరిన్ లాంటి మందులు వాడేవాళ్లు ముందురోజు రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించి ఆ కాగితం చూపించాలి.

ప్రశ్న: నాన్నగారికి 68. పళ్లన్నీ పీకించేస్తే చిగుళ్ల జబ్బు పోయి షుగర్ కూడా తగ్గుతుంది కదా? ఇప్పటికే చద్దన్నం, అంబలి తప్ప ఏదీ నమలలేకపోతున్నారు. ఆసుపత్రిలో ఒడియాలో ఎలా చెప్పుకోవాలో కూడా ఆయనకు తెలియదు. – పద్మపూర్, రాయగడ జిల్లా

జవాబు: నిలబెట్టలేని పళ్లు తీసేయాల్సిందే, నిలిచేవాటిని తీసేస్తే నష్టమే. పళ్లు పోయాక తినేది మారుతుంది. మీ నాన్నగారి కంచం చూడండి. పప్పు గింజ, వేరుశనగ, కూరముక్క, మాంసం పోయి, నమలక్కర్లేని అన్నం మిగిలింది. నీళ్లలో నానిన చద్దన్నం (పొఖాళ) అయినా అన్నమే, షుగర్ పెంచుతుంది. చోడి (రాగి) అంబలి మంచిదని లోటాలకు లోటాలు తాగుతారు. మెత్తగా విసిరి, బాగా ఉడికించి, జారుగా తాగే పిండి గబగబా రక్తంలోకి పోతుంది. తిన్న రెండు గంటలకు మీటరుతో చూసుకుంటే ఎంత తాగవచ్చో మీకే తెలుస్తుంది. ప్రస్తుతానికి అన్నం సగం చేసి, మెత్తగా ఉడికిన పప్పు, ఉడికించిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, నూరిన మునగాకు పెట్టండి. ఏ పంటి ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రే తీశాక, దవడలో గట్టిగా ఉన్న నాలుగు పళ్లయినా నిలబెడితే వాటి ఆధారంగా కట్టుడుపళ్లు బాగా కూర్చుంటాయి. షుగర్ అదుపులోకి వచ్చాక తీయిస్తే పుండు త్వరగా మానుతుంది.

ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు. క్లిష్టమైన కేసులను కటక్‌లోని ఎస్‌సీబీ డెంటల్ కాలేజీకి పంపుతారు. అన్ని చోట్లకూ పాత చీటీలు, షుగర్ రిపోర్టులు, వేసుకునే మాత్రల అట్టలు ఒకే సంచిలో పెట్టి పంపండి. ఒడియాలో చిగురును మాఢి అంటారు. చీటీ రాసే కిటికీ దగ్గర 'మాఢిరు రక్త పడుఛి, షుగర్ అఛి' అంటే చాలు – చిగుళ్ల నుంచి రక్తం పడుతోంది, షుగర్ ఉంది అని. ఆ రెండు ముక్కలూ పెద్ద తెలుగు అక్షరాలతో రాసి నాన్నగారి జేబులో పెట్టండి, చదివి చెప్పుకుంటారు.